జాబ్ కార్డు మీద నేను రాసిన మాట

ఏలూరులో ఇంటి సామాన్లు బాగుచేసే ఒక సర్వీస్ సెంటర్‌లో నేను ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. అంతకుముందు తాడేపల్లిగూడెంలో ఒక చిన్న రిపేరు షాపులో ఆరేళ్ళు. మిక్సీలు, గ్రైండర్లు, గీజర్లు అన్నీ విప్పాను గాని, జనానికి నేను గుర్తున్నది ఇస్త్రీ పెట్టెల మెకానిక్‌గానే. రిటైరైన రోజున శాలువా కప్పి, కొత్తగా పనిలో చేరినవాళ్ళ కోసం నా అనుభవాలు రాసివ్వమని అడిగారు. రెండుసార్లు రాసి చింపేశాను. రెండుసార్లూ నా గొప్పలే వచ్చాయి. ఇది మూడోసారి.

నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు మెచ్చుకున్నారు అన్న సంగతులు ఇందులో ఉండవు. నేను ఇప్పటికీ తలెత్తుకోలేని పని ఒకటి చేశాను. అది చెప్పడానికే ఈ రాత. మిగతాదంతా అది అర్థం కావడానికి కావలసినంతే రాస్తాను. మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు రాయను.

వీర్రాజు గారి స్టూలు

నేను పని నేర్చుకున్నది తాడేపల్లిగూడెంలో, వీర్రాజు గారి దగ్గర. స్టేషన్ రోడ్డులో ఆయనది ఒకటే గది, ఒకటే బల్ల, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక స్టూలు. అప్పటికి మా వైపు ఇళ్ళల్లో ఆవిరి వదిలే ఇస్త్రీ పెట్టెలు దాదాపు లేవు. బరువైన పెట్టె, లోపల వేడెక్కే ఎలిమెంటు ఒకటి, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ ఒకటి, అంతే.

ఒకసారి ఒక టీచరమ్మ గారు పెట్టె వేడెక్కట్లేదని తెచ్చారు. నేను మొత్తం విప్పి, శుభ్రం చేసి, బిగించి, మా బల్ల మీద వేడెక్కించి చూపించి ఇచ్చాను. మర్నాడు మళ్ళీ తెచ్చారు. మళ్ళీ విప్పాను. మూడోరోజు ఆవిడ మెట్లెక్కుతుంటే నాకు చిరాకేసి, "ఈవిడకి వాడటం రాదు" అని గొణిగాను. వీర్రాజు గారు విన్నారు. స్టూలు తుడిచి ఆవిడని కూర్చోబెట్టి, "ఏవండీ, దీన్ని మీ ఇంట్లో ఏ ప్లగ్గులో పెడతారు?" అని అడిగారు.

"వంటింట్లో గట్టు పక్కనున్నదాన్లోనండీ."

ఆయన నాకు స్క్రూడ్రైవర్ ఇచ్చి ఆవిడ వెంట పంపారు. వెళ్ళి చూస్తే ఆ ప్లగ్గు లోపల వైరు కాలి వదులైపోయింది. ఐదు నిమిషాల పని. తిరిగొచ్చాక వీర్రాజు గారు ఒకటే మాటన్నారు. "వాళ్ళు మనకి పెట్టె ఒక్కటే తెస్తారు. మిగతాదంతా ఇంట్లో ఉండిపోతుంది. అందుకని ముందు అడుగు, తర్వాత విప్పు. వాళ్ళు చెప్పింది అబద్ధమని నువ్వు తేల్చేదాకా అది నిజమే అనుకో."

ఆ మాట నేను చాలామందికి చెప్పాను. నా మాటలాగా చెప్పాను కూడా. అవసరమైన రోజున మాత్రం నాకే గుర్తు రాలేదు.

ఆవిరి పెట్టె సంగతి

ఏలూరు వచ్చాక ఆవిరి పెట్టెలు మొదలయ్యాయి. చాలామంది దీన్లో నీళ్ళు కాగుతాయనుకుంటారు. కాగవు. పైన తొట్టిలో చల్లటి నీళ్ళుంటాయి. అవి ఒక్కొక్క చుక్కా కిందనున్న వేడి పలకలోని చిన్న గదిలోకి పడి ఆవిరై, కన్నాల్లోంచి బయటికొస్తాయి. ఆ గది లోపల పల్చటి పూత ఒకటి ఉంటుంది. పడ్డ చుక్క పరుచుకుని ఆవిరయ్యేది ఆ పూత వల్లే. పూత పోతే, బాగా కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టే, చుక్క గుండ్రంగా గెంతుతుంది గాని ఆవిరవదు. గెంతి గెంతి నీళ్ళుగానే కన్నంలోంచి బట్ట మీద పడుతుంది. ఈ పూత సంగతి గుర్తుపెట్టుకోండి. నా తప్పంతా అక్కడే ఉంది.

పెట్టె కారుతోందని ఎవరైనా తెస్తే ముందు రెండు విషయాలు అడగండి. నాబ్ ఎక్కడ పెట్టారు, ఏ నీళ్ళు పోశారు. నాబ్ తక్కువ వేడి మీదుండి ఆవిరి తెరిస్తే ఏ పెట్టయినా కారుతుంది, అది జబ్బు కాదు. పట్టుబట్టలకి నాబ్ తగ్గించినప్పుడు ఆవిరి మూసెయ్యమని చెప్పండి. నీళ్ళ సంగతికొస్తే, ఏలూరులో బోరు నీళ్ళు పోస్తే కొన్ని నెలల్లో లోపల తెల్లటి గార కడుతుంది. కొల్లేరు వైపు నీళ్ళల్లో ఉప్పు కూడా ఉంటుంది. బ్యాటరీలో పోసే నీళ్ళు మంచివి, లేదంటే వడకట్టిన వాన నీళ్ళు. గంజి, సెంటు లాంటివి తొట్టిలో పొయ్యకూడదు. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్చి తీసేసి ప్లగ్గు పీకాలి. పనయ్యాక మిగిలిన నీళ్ళు పారబోసి, చల్లారాక నిలబెట్టి పెట్టాలి. నెలకోసారి బాగా వేడెక్కించి, ప్లగ్గు తీసి, సింకు మీద పట్టుకుని లోపలి మురికి ఆవిరితో పాటు వదిలెయ్యాలి. పెట్టె పట్టుకుంటే చేతికి జిల్లుమంటోందని ఎవరైనా అంటే, చెప్పులేసుకోండని పంపెయ్యకండి. ఎర్తు చూడండి.

ఇవన్నీ నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.

యాసిడ్ సీసా

మా ఓనరు ప్రకాశరావు గారిది ఏలూరులో మూడు తరాల వ్యాపార కుటుంబం. ఆయన్ని చెడ్డవాడని రాయలేను. నా భార్య సత్యవతికి ఆపరేషనైనప్పుడు వారం రోజులు ఆసుపత్రికి వాళ్ళింటి నుంచే క్యారేజీ వచ్చింది. ఆయన మాట కాదనడం నాకు చేతనయ్యేది కాదు. ఈ ముక్క ఎందుకు రాస్తున్నానంటే, యజమాని దుర్మార్గుడైతే నేను చేసిందంతా ఆయన మీదకి నెట్టెయ్యొచ్చు. నాకు ఆ వీలు లేదు.

గార తియ్యడానికి కంపెనీ మందు చిన్న సీసాల్లో వచ్చేది. అది పోసి రెండు మూడు గంటలు నాననివ్వాలి. ఒక్కోసారి నెల రోజులు సరుకే వచ్చేది కాదు. అలాంటప్పుడు ఒకసారి ప్రకాశరావు గారు బాత్రూములు కడిగే యాసిడ్ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "నీళ్ళల్లో కాస్త కలిపి పోసి చూడవోయ్. గారే కదా, ఎంత సేపు?"

నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. నురగ వచ్చి, పది నిమిషాల్లో కన్నాలన్నీ శుభ్రమై, కొత్త పెట్టెలాగా ఆవిరి వచ్చేది. యాసిడ్ ఆ పలకని తింటుందని తెలియనంత కొత్తవాణ్ణి కాదు. పల్చగా కలుపుతున్నాను కదా, వెంటనే కడిగేస్తున్నాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు కారణం వేరే. పది నిమిషాల్లో చేసిచ్చేస్తాడని ఊళ్ళో నాకు పేరొచ్చింది. భీమడోలు నుంచి, దెందులూరు నుంచి నన్ను అడుగుతూ వచ్చేవారు. ఆ పేరు నాకు బాగుంది.

రిపేరుకొచ్చిన ప్రతి సామానుకీ మేం రాసే జాబ్ కార్డులో 'లోపానికి కారణం' అని ఒక గడి ఉండేది. ఆ గడిలో 'నీళ్ళ వల్ల' అని రాస్తే తప్పు వాడినవాళ్ళదైపోతుంది, కంపెనీకి, మాకు ఏ పేచీ ఉండదు. రాను రాను పెట్టె చూడకముందే నా చెయ్యి ఆ మాట రాసేది.

నాగమణి

నాగమణిది కొల్లేరు ఒడ్డున ఒక ఊరు. గుండుగొలను దాకా ఆటోలో వచ్చి అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని ఏలూరు రావాలి. భర్త చేపల చెరువుల మీద కాపలా. ఆవిడ ఇంట్లో మిషను కుట్టేది. జాకెట్లు కుట్టడం, చీరలకి ఫాల్స్ వెయ్యడం, పెళ్ళిళ్ళప్పుడు పట్టుబట్టలు ఇస్త్రీ చేసి మడతపెట్టి ఇవ్వడం. ఆవిరి పెట్టె కొనుక్కున్నది అందుకే. అప్పటికి ఆవిడకి ముప్పై దాటి ఉంటాయి.

మొదటిసారి ఆవిరి రావట్లేదని తెచ్చింది. నేను ఏలూరు ఆడవాళ్ళని "ఏవండీ" అనేవాణ్ణి. ఈవిడని "ఏమ్మా" అన్నాను. ఇది అప్పుడు నాకు తెలియను కూడా తెలియలేదు.

"ఏ నీళ్ళు పోస్తున్నావమ్మా?"

"పంపు నీళ్ళేనండీ. మేం తాగేవే."

"మీ వైపు నీళ్ళు ఉప్పు. అవి పొయ్యకూడదు."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "వాన నీళ్ళు పొయ్యొచ్చాండీ? డాబా మీద నుంచి బిందెలో పడతాను."

"గుడ్డతో వడకట్టి పొయ్యి."

"అలాగేనండీ."

యాసిడ్ పోసి పది నిమిషాల్లో ఇచ్చేశాను. ఆవిడ చాలా సంతోషపడింది. రెండుసార్లు దణ్ణం పెట్టింది.

రెండోసారి వచ్చింది నాలుగైదు నెలల తర్వాత, ఒక శనివారం. కౌంటరు దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. ఆవిడ వెనకాల తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన నిలబడ్డాడు. ఆవిడ తాలూకు మనిషే అనుకున్నాను.

"సార్, మీరు బాగుచేసిచ్చిన పెట్టేనండీ. నల్లగా కక్కుతోంది."

జరిగింది చెప్పింది. వాళ్ళ ఊళ్ళో వెంకటరత్నమ్మ గారనే ఆవిడ కూతురి పెళ్ళి. పెళ్ళికి ముందురోజు మధుపర్కాలు ఇస్త్రీకి ఇచ్చారు. ముహూర్తానికి వధూవరులు కట్టుకునే తెల్లబట్టలు. నాగమణి ముందు ఒక దిండు గలీబు మీద రుద్ది చూసుకుంది, బాగానే ఉంది. మధుపర్కాల మీద పెట్టగానే కన్నాల్లోంచి నల్లటి నీళ్ళు చిమ్మి రెండు బట్టల మీదా చారలు పడ్డాయి. పొద్దున్నే ఏలూరుకి మనిషిని పంపి వేరేవి తెప్పించి పెళ్ళి చేశారు. కాని ముహూర్తపు బట్టల మీద నలుపు పడిందన్న మాట ఊరంతా పాకింది.

"నా తప్పు లేదంటే నమ్మట్లేదండీ. కంపెనీవాళ్ళు ఏం చెబుతారో అది తెమ్మన్నారు. లోపల లోపముందని ఒక ముక్క రాసివ్వండి సార్."

నేను ప్లగ్గు పెట్టి, వేడెక్కాక బటన్ నొక్కాను. నిజంగానే గుడ్డ మీద నల్లటి నలుసులు పడ్డాయి.

"ఏం పోశావమ్మా ఇందులో?"

"వాన నీళ్ళేనండీ. మీరు చెప్పినట్టే వడకట్టాను. ఇవిగోనండీ, చూస్తారని తెచ్చాను." సంచీలోంచి ఒక సీసా తీసి కౌంటరు మీద పెట్టింది.

నేను ఆ సీసా ముట్టుకోలేదు. వెనక జనం తొందరపడుతున్నారు. ఇది నేను బాగుచేసిన పెట్టె అని వాళ్ళందరి ముందూ చెప్పేసింది. అది నాకు గుచ్చుకుంది.

"వాన నీళ్ళకి ఇంత నలుపు రాదు. మీ ఊరి చుట్టూ చేపల చెరువులేగా. ఎవరో చెంబుతో ముంచి పోసుంటారు."

"లేదండీ. నేనే పోస్తాను. ఎవరినీ ముట్టుకోనివ్వను."

"చెరువు నీళ్ళు పోస్తే నలుపు రాక పన్నీరొస్తుందా?" అన్నాను. కౌంటరు దగ్గర నలుగురు నవ్వారు. నేను కూడా నవ్వాను.

కార్డు తీసి రాశాను. 'చేపల చెరువు నీరు వాడుట వలన లోపల పాడైనది.'

ఆవిడ చదువుకున్న మనిషి. తలకిందులుగానే చదివేసింది. "ఇది రాయకండి సార్. ఏమీ రాయకపోయినా పర్లేదు. ఈ మాట మాత్రం రాయకండి."

"చూసింది రాయాలమ్మా."

నేనేమీ చూడలేదు. తొట్టి ఖాళీ చేసి, మా దగ్గరున్న మంచి నీళ్ళు పోసి ఒక్కసారి ఆవిరి వదిలి చూస్తే, అప్పుడూ నలుపే వచ్చేది. రెండు నిమిషాల పని. ఆ పని చెయ్యలేదు.

వెనకున్న తెల్లచొక్కా ఆయన చెయ్యి చాపి, "ఆ కాయితం ఇటివ్వండి" అన్నాడు. ఆయన పెళ్ళికూతురి మేనమామ అని నాకు తర్వాత తెలిసింది. కార్డు ఆయన చేతికే ఇచ్చాను. నాగమణి సీసా సంచీలో పెట్టుకుని, పెట్టె చంకలో పెట్టుకుని ఆయన వెనకాల వెళ్ళిపోయింది.

మా ఇంటి పెట్టె

నెల తర్వాత ఆ ఊళ్ళో పనిచేసే మాస్టారు ఒకాయన మిక్సీ తెచ్చారు. మాటల్లో ఆ సంగతి ఆయనే ఎత్తారు.

"మీరు రాసిచ్చిన కార్డు పెద్దల ముందు చదివారండీ. శుభకార్యం బట్టల మీద చేపల నీళ్ళు చల్లిందని ఆడవాళ్ళు ఒకటే తిట్లు. వెంకటరత్నమ్మ గారి కాళ్ళకి దణ్ణం పెట్టించారు. తర్వాత ఎవరూ ఆ అమ్మాయికి బట్టలివ్వట్లేదు. మిషను అమ్మేసి రొయ్యలు ఒలిచే షెడ్డుకి కూలికి వెళ్తోంది."

నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "ఆ నీళ్ళు పొయ్యకుండా ఉండాల్సిందండీ" అన్నాను. అని, మిక్సీకి ఏమైందో అడిగాను.

ఇంకో రెండు నెలలకి మా ఇంట్లో సత్యవతి నా తెల్లచొక్కా పట్టుకుని వచ్చింది. జేబు మీద నల్లటి చార.

"ఏవండీ, పెట్టె నల్లగా కక్కుతోంది చూడండి."

"ఏం నీళ్ళు పోశావు?" నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

సత్యవతి నా వంక అదోలా చూసింది. "మీరు తెచ్చిన బ్యాటరీ నీళ్ళు తప్ప మనింట్లో వేరేవి ఎప్పుడు పోశానండీ?"

మా పెట్టెని కూడా అంతకుముందు యాసిడ్‌తో కడిగింది నేనే. వరండాలో కూర్చుని విప్పాను. అడుగు పలక మూత ఊడదీసి చూస్తే లోపలి పూత ఎక్కడికక్కడ లేచిపోయింది. లోహం మశూచి మచ్చల్లాగా గుంటలు పడింది. వేలు పెట్టి రాస్తే నల్లటి పొడి అంటుకుంది. పూత లేక చుక్క ఆవిరవట్లేదు. గెంతే నీళ్ళు ఆ నల్లపొడిని తోసుకుంటూ బయటికొస్తున్నాయి. నాకు ఇంకేమీ తేల్చుకోవలసింది మిగల్లేదు.

"ఏమైందండీ?" అని సత్యవతి అడిగింది.

"వాల్వు పోయింది" అన్నాను.

మర్నాడు ప్రకాశరావు గారికి ఆ పలక చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"యాసిడ్ ఇవాళ్టి నుంచి ఆపెయ్" అన్నారు.

"ఇప్పటిదాకా చేసినవాళ్ళకి కబురు పెడదామాండీ? ఆ కొల్లేరు అమ్మాయికైనా..."

"ఏమని పెడతావు? కార్డు మీద నువ్వు రాసేశావు కదా."

ఆయన అన్నది అంతే. వద్దని కూడా అనలేదు. నేను కార్డు పుస్తకం ముందేసుకుని ఒక గంట కూర్చున్నాను. తర్వాత లేచి పనిలో పడ్డాను. ఆ ఊరు గంటన్నర ప్రయాణం. వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఉద్యోగం పోతుందని భయం కాదు, ప్రకాశరావు గారు నన్ను తీసెయ్యరు. కౌంటరు దగ్గర నవ్విన నలుగురి ముందూ నేను పని తెలిసినవాణ్ణన్న గొప్ప. ఆ గొప్ప పోతుందని. మొదటి నెల వెళ్ళకపోతే రెండో నెల వెళ్ళడం ఇంకా కష్టం. ఏడాదైతే, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలన్నది ఇంకో అడ్డం. అలా పదకొండేళ్ళు గడిచిపోయాయి. ఆ పదకొండేళ్ళలో నేను గారకి కంపెనీ మందే వాడాను, ప్రతి పెట్టెనీ మంచి నీళ్ళతో పరీక్షించాకే కార్డు రాశాను. అది చూసి అందరూ ఈయన ఎంత జాగ్రత్త మనిషో అనేవారు.

ఆ ఊరు

రిటైరైన రోజు సభలో ప్రకాశరావు గారబ్బాయి మైకులో ఒక మాటన్నాడు. "ఈయన రాసిన కార్డంటే కంపెనీ మారుమాట్లాడదు. ఒక్క తప్పు కార్డు రాసి ఎరగరు." అందరూ చప్పట్లు కొట్టారు. ప్రకాశరావు గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన చప్పట్లు కొట్టలేదు, నా వంక చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి సత్యవతికి మొత్తం చెప్పేశాను. ఆవిడ అంతా విని, "ఎప్పుడు వెళ్తున్నారు?" అని మాత్రం అడిగింది.

ఆ వారమే వెళ్ళాను. గుండుగొలనులో దిగి ఆటో ఎక్కాను. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, వాటిలో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి, గట్ల మీద మేత బస్తాలు. ఊళ్ళో అడిగితే, నాగమణి షెడ్డు వ్యానులో మూడింటికి వస్తుందన్నారు. వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాను.

వ్యాను దిగి వస్తూ నన్ను చూసి ఆగింది. జుట్టు సగం నెరిసింది. వెంటనే గుర్తుపట్టింది. "ఇస్త్రీ పెట్టె సారు గారాండీ?"

ఈసారి "ఏమ్మా" అనలేకపోయాను. "మీతో ఒక మాట చెప్పాలని వచ్చానండీ" అన్నాను.

కుర్చీ తెచ్చి వేసింది. తను గుమ్మంలో కూర్చుంది. యాసిడ్ సంగతి, పూత సంగతి, మా ఇంటి పెట్టె సంగతి అన్నీ వరసగా చెప్పాను. మీరు పోసింది వాన నీళ్ళే, పాడుచేసింది నేనే, రెండు మూడు నెలల్లోనే నాకు తెలిసిపోయింది, అయినా రాలేదు అని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ నేలవంక చూస్తూ కూర్చుంది. అయిపోయాక తలెత్తింది.

"నేను చెరువు నీళ్ళు పొయ్యలేదని నాకు తెలుసు కదండీ" అంది. "నాకు మీరు కొత్తగా చెప్పిందేముంది?"

ఆవిడే మళ్ళీ అంది.

"తెలియంది వాళ్ళకండీ. ఆ మేనమామ గారు పోయారు. వెంకటరత్నమ్మ గారున్నారు. ఆ రోజు కూర్చున్న పెద్దల్లో ఇద్దరున్నారు. వాళ్ళకి చెబుతారా?"

నిజం రాస్తాను. నాకు భయమేసింది. ఇంకోరోజు వస్తానని నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ లేచి నిలబడింది. నేనూ లేచాను. ఆవిడ ముందు నడిచింది, నేను వెనక.

వెంకటరత్నమ్మ గారు అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూసి వరండాలోకి వచ్చారు. ఆ ఇద్దరు పెద్దమనుషులనీ పిలిపించారు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు, నేనూ కూర్చోవాలనుకోలేదు. నిలబడి మొత్తం మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాను. అవలేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన అడిగారు. "ఆ కార్డు రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"చూసే రాశారా?"

"చూడకుండా రాశానండీ."

"మరి తెలిశాకైనా ఎందుకు రాలేదు?"

"సిగ్గేసిందండీ."

"పదకొండేళ్ళా?" అన్నారాయన. గట్టిగా అనలేదు. అడిగారు, అంతే.

వెంకటరత్నమ్మ గారు నా వంక చూడటమే మానేశారు. నాగమణిని చూస్తున్నారు. "నా కాళ్ళకి దణ్ణం పెట్టిస్తుంటే వద్దనలేదే నేను" అన్నారు మెల్లిగా. "కాళ్ళు వెనక్కి కూడా తీసుకోలేదు." గుమ్మం వైపు తిరిగి, "లోపలికి రావే, టీ పెడతాను" అన్నారు.

"ఇంకోసారి వస్తానండీ" అంది నాగమణి. "ఇంట్లో పనుంది." ఆ గొంతులో కోపం లేదు. అలాగని వస్తుందని కూడా నాకు అనిపించలేదు.

తిరిగి నాగమణి ఇంటి దగ్గరికొచ్చాక నాకు ఏదో ఒకటి ఇచ్చి వెళ్ళాలనిపించింది. "మళ్ళీ మిషను పెట్టుకోండి. ఇప్పుడు బట్టలిస్తారు. మంచి ఆవిరి పెట్టె నేను తెచ్చిస్తాను" అన్నాను.

ఆవిడ తన చేతులు చూసుకుంది. వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి, గోళ్ళ చుట్టూ పగిలి ఉన్నాయి.

"ఇన్నేళ్ళు ఐసులో రొయ్యలు ఒలిచాను కదండీ. వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. సూది పట్టుకున్నానో జారిందో కూడా తెలియదు. కుట్టడం ఇంకెక్కడండీ."

నన్ను దెప్పడానికి అన్న మాట కాదు. పెట్టెకి ఏం జబ్బో చెప్పినట్టు చెప్పింది. నేను దణ్ణం పెట్టాను. ఆవిడ వీధి చివరిదాకా నాతో వచ్చింది.

"ఆటోలు ఇక్కడ ఆపరండీ. ఆ వంతెన దాటి నిలబడండి. ఎండలో ఉండకండి, అవతల రేకుల షెడ్డుంది" అంది.

అలాగేనండీ అని చెప్పి, వంతెన దాటి, ఆ రేకుల కింద నిలబడ్డాను.